పునాది గుంటలో కొర్రమట్ట

పోయిన ఆదివారం వనపర్తి చేపల బజార్లో తిమ్మప్ప కనబడ్డాడు. బండ మీద బొచ్చె చేపలు పరుచుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి, చేతిలో ఉన్న చేపను కోస్తూనే, ముసల్ది పోయింది సార్, పదిహేను దినాలయితుంది అన్నాడు. ఎవరని నేను అడగలేదు. వాళ్ల ఊళ్లో ముసలమ్మలు చాలామందే ఉన్నారు గాని మా ఇద్దరి మధ్య ముసల్దంటే ఒక్కతే. ఏ ఇంట్లో పోయిందని మాత్రం అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "ఆ గుడిసెలనే" అన్నాడు తిమ్మప్ప, కత్తి కడుక్కుంటూ. కొందామని పోయిన చేప కొనకుండానే ఇంటికొచ్చేశాను.

ఆమె పేరు నాకు బాగా తెలుసు. దరఖాస్తులో, లిస్టులో, రిజిస్టర్లో నా చేత్తోనే రాశాను. ఇక్కడ మాత్రం రాయను. రాసే మొహం లేదు.

నేనప్పుడు సర్కారు ఇండ్ల పథకంలో కాంట్రాక్టు వర్క్ ఇన్‌స్పెక్టర్ని. పేరు పెద్దదే గాని పని చిన్నది. మంజూరైన ఇల్లు పునాది దాకా వచ్చిందా, దర్వాజా పైదాకా వచ్చిందా, స్లాబు పడిందా అని చూసి, ఇంటామెను గోడ పక్కన నిలబెట్టి ఫొటో తీసి ఆఫీసులో ఇవ్వాలి. ఇల్లు ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చేవాళ్లు కాబట్టి ఊరూరా ఆడవాళ్లకు నేనంటే గౌరవం. ఆ గౌరవం నాది కాదు, మెడలో వేలాడే కెమెరాది. ఆ సంగతి తెలియక కొన్నాళ్లు నేను కొంచెం ఛాతీ విరుచుకుని కూడా తిరిగాను.

అమరచింత దాటి కృష్ణ వైపు పోతే, ప్రాజెక్టు నీళ్ల అంచున బెస్తవాళ్ల గుడిసెలుండేవి. పాత ఊరు నీళ్ల కిందికి పోయినప్పుడు అందరూ పైకి జరిగారు గాని, చేపలు పట్టేవాళ్లు నీళ్లను వదిలి ఎంత దూరం జరుగుతారు? అంచునే టార్పాలిన్లు కప్పుకుని ఉండిపోయారు. ప్రతి గుడిసె ముందూ ఒక పుట్టి. వెదురుబద్దలతో గంపలాగా అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. ఆ పుట్టి నీళ్లలో ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

నేను మొదటిసారి పోయిన రోజు ఆమె ఒక కొత్త వలను పరీక్ష చేస్తోంది. పరీక్ష అంటే ఇంకేం లేదు, వల కన్నులో మూడు వేళ్లు పెట్టడం. వేళ్లు దూరితే మంచిది. దూరకపోతే నడుముకున్న చిన్న కత్తి తీసి ఆ కన్ను కోసేసేది. తిట్టేది కాదు, అరిచేది కాదు. ఒక్కో కన్నూ కోసుకుంటూ పోతుంటే వల అల్లినవాడు పక్కన గుడ్లప్పగించి చూసేవాడు. తన వలలో చిన్న చేప పడితే తోకపట్టి నీళ్లలోకి విసిరేస్తూ, "పో, మీయమ్మను తోల్కరాపో" అనేది. ఆ మాట ఆమె నోట వందసార్లు విన్నాను. వందసార్లూ తనే నవ్వుకునేది.

అంతమాత్రాన ఆమె సత్యహరిశ్చంద్రుడి చెల్లెలనుకునేరు. సర్కారుతో ఆమె చెప్పినన్ని అబద్ధాలు నేనెక్కడా వినలేదు. నాకే ఒకసారి వయసు యాభై అని, ఇంకోసారి డెబ్బై అని చెప్పింది. ఏ కాగితానికి ఎంత వయసు కావాలో ముందే కనుక్కుని చెప్పేది. గిదేంది అవ్వా అంటే, ఆఫీసోళ్లు మనకు చెప్పేది నిజమైతే గద సారూ మనం చెప్పేది అబద్ధమయ్యేది, అని ఆకువక్క నోట్లో వేసుకునేది. అబద్ధమాడని చోటు ఆమెకు ఒక్కటే ఉండేది, అది నీళ్లు.

ఆ నీళ్లకొక కట్టుబాటు ఉంది. తొలకరి నీళ్లు పడగానే కొర్రమట్ట చేపలు లోతు వదిలి ఒడ్డుకొస్తాయి. గడ్డిలో కాస్త జాగా చేసుకుని గుడ్లు పెడతాయి. పిల్లలు ఎర్రగా ఉంటాయి, కుంకుమ చల్లినట్టు ఒకే గుంపుగా నీళ్ల మీద తేలుతుంటాయి. తల్లి వాటి కిందే ఉంటుంది. అప్పుడు దాన్ని పట్టడం చాలా సులువు. ఆ గుంపు మధ్యలోకి గాలం జారవిడిస్తే చాలు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని కోపంతో వచ్చి కరిచేస్తుంది. అందుకే పిల్లల మీదున్న మట్టను, అంటే పిల్లలకు కాపలా ఉన్నదాన్ని, కొట్టకూడదని వాళ్లలో కట్టుబాటు. కొట్టినవాడి పుట్టిని తెచ్చి ముసలమ్మ గుడిసె ముందు బోర్లేస్తారు. నెలరోజులు అది అట్లాగే ఉంటుంది.

నేను ఆ ఊరికి రాకముందే తిమ్మప్ప పుట్టి అట్లా బోర్లపడింది. అతనికి ఆ కట్టుబాటు తెలియక కాదు. వారమంతా చేపలు పడలేదు, చేతిలో పైసా ఆడలేదు, పిల్లల మీదున్న మట్ట కనబడింది. గాలం వేశాడు. ముసలమ్మ వచ్చి ఆ చేపను అందరి ముందూ మట్టిలో పాతిపెట్టించింది. నెలరోజులు తిమ్మప్ప కాలువ పనికి పోయి మట్టి మోశాడు. ఆమె వాళ్లింటికి చారెడు బియ్యం కూడా పంపలేదు. లోకమంతా తిట్టుకున్నా వెనక్కి తగ్గే రకం కాదు. నాకు ఆమె ఎంత ఇష్టమో ఆ మొండితనం అంత భయం.

ఇండ్లు మంజూరైనప్పుడు గుడిసెలకు కాస్త ఎగువన జాగా చూపించారు. నేనే ముగ్గు పోసి ప్లాట్లు విడగొట్టాను. ముసలమ్మ ప్లాటులో సగం పరుపుబండ. అది చూసి, కొంచెం కిందికి జరుపుకుంటానని పట్టుబట్టింది. బండ సాకు మాత్రమే. అసలు సంగతి పుట్టి. అది కళ్ల ముందు లేకపోతే తనకు కూడు దిగదంది. వద్దని చెప్పి నేను గద్వాలకు పోయి వచ్చేసరికి, ప్లాటు హద్దు మేకులు పదిహేనడుగులు కిందికి జరిగాయి, పునాది తవ్వడం అయిపోయింది. పైగా, పుట్టిని నీళ్లనుంచి గడప దాకా లాక్కునేందుకు ఒక కాలువ కూడా తీయించింది. తవ్వింది ఆమె కొడుకే. తవ్వి, మళ్లీ బొంబాయికి బిల్డింగుల పనికి పోయాడు. ఎవరి ఇంటికో పదో అంతస్తు కట్టడానికి పోయాడు గాని, తన ఇంటి పునాదిలో రాయి పడేదాకా ఆగలేకపోయాడు. మేస్త్రీ పిలిచినప్పుడు పోకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

రాళ్లొచ్చేలోపే వానలొచ్చాయి. ప్రాజెక్టులో నీళ్లు పెరిగాయి, ఆ కాలువ గుండా పునాది గుంటల్లోకి దారి చేసుకుని వచ్చాయి. అదే పెద్ద విషయం కాదు, మోటరు పెట్టి ఒక పూటలో తోడేయొచ్చు. అప్పటికి మా ఆఫీసు నుంచి ఖరారుగా మాట వచ్చింది. ఈ నెలాఖరుకు పునాది లేచి ఫొటో రాని ఇళ్లన్నీ రద్దు. వాటి బదులు వేరే ఊళ్లో ఇస్తారు. ఆ మాట చెప్పడానికి పోయాను. గడువుకు ఇంక తొమ్మిది రోజులుంది.

ఆమె గుంట పక్కన గొంతుక్కూర్చుని ఉంది. నన్ను చూసి, చప్పుడు చేయొద్దని చెయ్యి ఊపింది. దగ్గరికి పోయి చూశాను. గుంట మూలలో, గడ్డిపోచల మధ్య, ఎర్రగా ఒక గుంపు కదులుతోంది. దాని కింద నల్లగా, మోచెయ్యంత తల్లి.

"వంటింటి మూలకు పిల్లల వెట్టింది సారూ" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. తొమ్మిది రోజుల సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆపి లెక్క వేసుకుంది. పిల్లలు నల్లబడి తల్లిని వదిలిపోవాలంటే ఇరవై రోజులు పడుతుందంది. బకెట్లో ఎత్తి ప్రాజెక్టు నీళ్లలో వదిలేయమన్నాను. చెయ్యి పెడితే తల్లి ముందు జారుకుంటుంది, పిల్లలు చెదిరిపోతాయి, చెదిరినవన్నీ వాలుగ చేపల పాలవుతాయంది. అయితే పైన బండ మీదే కొత్తగా పునాది తీయమన్నాను. తీసేవాళ్లెవరు? ఊళ్లో ప్రతివాడూ తన పునాది గడువులోపు లేపుకోవాలని తల్లకిందులవుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. చేప కోసం ఇల్లు పోగొట్టుకునే మనిషిని ఎక్కడా చూడలేదని అరిచాను. నిజానికి ఆమె మీద కాదు నా కోపం. నా లిస్టులో ఒక ఇల్లు రద్దయితే పై ఇంజనీరు నన్నే నిలబెట్టి అడుగుతాడు.

అప్పటిదాకా గుడిసె తడిక దగ్గర నిలబడి వింటున్న కోడలు జయమ్మ బయటికొచ్చింది. చంకలో ఏడాది పిల్ల. ఆ గుడిసెలో వాన పడితే పిల్లను పుట్టిలో పడుకోబెట్టి, పైన గంప కప్పేదని నాకు తెలుసు.

"చేపకు ఇల్లుండాలె, నాకొద్దా అత్తా?" అంది.

ముసలమ్మ మళ్లీ గుంట వైపు తిరిగింది. ఆ అడిగిందాంట్లో తప్పేం లేదు.

మర్నాటి నుంచి తిమ్మప్ప రోజూ పొద్దున ఆ గుంటకెదురుగా రాయి మీద కూర్చుని బీడీ తాగడం మొదలుపెట్టాడు. చూసేవాడు. అతనొక్కడే కాదు, ఊరంతా చూస్తోంది. నీళ్లకు పోయేవాళ్లు, రాళ్లు మోసేవాళ్లు, అందరూ అక్కడికి రాగానే ఒక అడుగు ఆగి గుంటలోకి తొంగిచూసి పోయేవాళ్లు. తిమ్మప్పకొక న్యాయం, ముసలమ్మకొక న్యాయమా అనేది ఎవరూ నోటితో అనలేదు. ఆమెకు వినబడుతూనే ఉంది. రోజులు ఒక్కొక్కటే అయిపోతున్నాయి.

నాలుగు రోజులు మిగిలినప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, అది మరిచిపోకూడదు. ఇంకొకరి పునాది పక్కన ముసలమ్మను నిలబెట్టి ఫొటో తీస్తే? నెల తిరిగేసరికి ఆమె పునాది కూడా లేస్తుంది, ఎవరికీ నష్టం లేదు. ఇట్లాంటివి మా ఉద్యోగంలో జరగనివి కావు. ముసలమ్మకు ఇందులో తప్పేం కనబడలేదు. సర్కారుకు చెప్పేదే గదా అంది. కాని అప్పటికి పూర్తిగా లేచిన పునాది ఊళ్లో ఒక్కటే. అది తిమ్మప్పది.

ఇద్దరం పోయాం. తిమ్మప్ప బిందెతో పునాది గోడకు నీళ్లు పడుతున్నాడు. సంగతి నేనే చెప్పాను. అతను విన్నాడు. బిందె కింద పెట్టాడు.

"నెల దినాలు నా పుట్టి బోర్లేసిపెట్టినవ్ పెద్దమ్మా. నా బిడ్డ అప్పుడు జరంతోని పండుకోనుండె. నాది తప్పయిందిరా తిమ్మా అని ఒక్క మాటను. ఇదే గోడకు నిలవడి ఫొటో దిగు."

నేను ఆమె వైపు చూశాను. ఒక్క మాట. దేనికైనా అబద్ధం ఆడగల మనిషి. అనేస్తుందనే అనుకున్నాను. అనేయాలని లోపల మొక్కుకున్నాను కూడా.

"బిడ్డకు జరమని నాకు తెల్వదు" అంది ఆమె. "తెల్సినా బోర్లేస్తుంటి. తప్పయిందని అనను."

తిమ్మప్ప మళ్లీ బిందె ఎత్తుకున్నాడు. మేం వెనక్కొచ్చేశాం. ఇట్లాంటి మొండి మనుషుల కోసం ఎందుకు తిరుగుతున్నానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే నేను పోయేసరికి గుంట చుట్టూ జనం. జయమ్మ నెత్తి మీద రాళ్ల గంపతో గుంట అంచున నిలబడి ఉంది. పిల్ల కింద కూర్చుని ఏడుస్తోంది. రెండడుగులు వేస్తే రాళ్లు ఆ ఎర్ర గుంపు మీద పడతాయి. ముసలమ్మ అడ్డం పోలేదు. కూర్చున్నచోటి నుంచి లేవను కూడా లేదు.

"రాళ్లు పొయ్యి" అంది. "ఇల్లు నీది, నీ బిడ్డది. నేనెన్ని దినాలుంట? పోసినంక తిమ్మప్పను పిలువు. నా పుట్టిని బోర్లేయమను."

జయమ్మ ఎంతసేపట్లా నిలబడిందో. తర్వాత వెనక్కి తిరిగి, గంపను గట్టు మీద ధబీమని పడేసి, పిల్లను ఎత్తుకుని గుడిసెలోకి పోయింది. లోపల నుంచి ఏడుపు వినబడింది. ముసలమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తిమ్మప్ప బీడీ ఆర్పి లేచిపోయాడు.

తర్వాత సంగతులు ఇప్పుడే చెప్పేస్తాను, చివర్లో చెప్పే ఓపిక నాకుండదు. మట్ట పిల్లలు నల్లబడి, కాలువ గుండా పెద్ద నీళ్లలోకి పోయాయి. ఆ తర్వాత ఆ ఒడ్డున పిల్లల మీదున్న మట్టను ఎవరూ ముట్టలేదని విన్నాను. ముసలమ్మకు మంజూరైన ఇల్లు మాత్రం రద్దయి వేరే ఊరికి పోయింది. కాలువ పూడ్చేసినా గుంటలు చాలాకాలం అట్లాగే ఉన్నాయి. నేను ఎప్పుడు పోయినా ముసలమ్మ ఎప్పటిలాగే ఒక చేప ఆకులో చుట్టి ఇచ్చేది. ఒక్కసారైనా తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిట్టలేదు. కొన్నాళ్లకు నేనే ఆ ఊరికి పోవడం తగ్గించుకున్నాను, ఆ పైన ఉద్యోగమే మానేశాను.

గడువు ఆఖరి రోజు నేను ఆ ఊరికి పోయింది మిగతావాళ్ల ఫొటోల కోసం. ఊరి మొదట్లోనే తిమ్మప్ప బండి ఆపాడు. ముసలమ్మను తన పునాది దగ్గర నిలబెట్టి ఫొటో తీసేయమన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. ఆమె తప్పు ఒప్పుకుందా అని అడిగాను.

"ఒప్పుకోలే" అన్నాడు. "ఆ దినం ఇంటి కోసరం తప్పయిందని అనుంటే, ఫొటోకు నిలవెడ్తుంటి సార్. గని నేను మట్టి మోసిన నెల దినాలు ఉత్తగ పోయినట్టే గద."

చదువుకున్నవాళ్లు అట్లా మాట్లాడగా నేను వినలేదు.

ముందు మిగతావాళ్ల ఫొటోలన్నీ తీసి, పోయి చూస్తే ముసలమ్మ అప్పటికే తయారై ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది. జయమ్మ పిల్లకు గౌను తొడిగి తెచ్చింది. తిమ్మప్ప భార్య గోడ పక్కన చెత్త ఊడ్చి పెట్టింది. ఊరంతా వచ్చింది. తప్పుడు పనికి అంతమంది అంత సంతోషంగా రావడం ఎప్పుడూ చూడలేదు. పలక మీద ఆమె పేరు రాసి చేతికిచ్చాను. గుండెకు ఆనించుకుని గోడ పక్కన నిలబడింది. నవ్వమని చెప్పక్కర్లేకపోయింది.

కెమెరా కంటికి పెట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ముందు రోజు మీటింగు. ఒకే పునాదిని రెండు పేర్లతో చూపించినందుకు ఎక్కడో ఒకతన్ని ఉద్యోగం నుంచి తీసేశారని, ఈసారి ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తానని పై ఇంజనీరు చెప్పిన మాట. పొద్దున్నే తిమ్మప్ప భార్య ఫొటో అదే గోడకు తీశాను. నాకు పెళ్లి కుదిరి నెలయింది. నాదీ కాంట్రాక్టే. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్న కారణాలు. అప్పుడు నాకు తోచింది భయం ఒక్కటే. వేలు మీట మీద ఉంది. నొక్కడం లేదు. చెమట కంట్లోకి దిగుతోంది. కెమెరా దించాను. మళ్లీ పెట్టుకున్నాను. మళ్లీ దించాను.

అందరూ నావైపే చూస్తున్నారు. జయమ్మ, తిమ్మప్ప, అందరూ. ఏమని చెప్పాలి? ఈ ఉపాయం చెప్పింది నేను. ఆ ముసలమ్మ చేత తిమ్మప్ప ముందు చెయ్యి చాపించింది నేను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. చేపను చూసినట్టే చూసింది. నవ్వు మెల్లగా తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

"రీలు అయిపోయిందా సారూ?" అంది, అందరికీ వినబడేటట్టు.

నేను చేతిలోని కెమెరా వైపు చూశాను.

"పొద్దటి సంది ఎంతమందిని తీస్తివి, అయిపోదా మరి" అంటూ జనం వైపు తిరిగింది. "సారుది రీలు అయిపోయిందంట. పోండ్రి, ఎవరి పనికి ఆళ్లు పోండ్రి."

"అవునవ్వా, అయిపోయింది" అన్నాను.

ఆమె కొంగుతో పలక మీది పేరు తుడిచి, పలక నా చేతికిచ్చింది.

రీల్లో ఇంకా పదకొండు ఫొటోలు మిగిలే ఉన్నాయి.